వాకీటాకీలో జర్మన్ పాట

సోహార్ సైట్‌లో ఒక జర్మనీ ఇంజనీరు వాకీటాకీలో దయ్యాల పాట పెట్టి ఒక మనిషి చెయ్యి విరగ్గొట్టాడన్న కథ మీలో కొందరు వినే ఉంటారు. మస్కట్‌లో విన్నవాళ్ళున్నారు, రాజమండ్రిలో విన్నవాళ్ళున్నారు. అన్ని చోట్లకూ దాన్ని మోసుకెళ్ళింది నేనే. చాలా బాగా చెప్పేవాణ్ణి. ఇంజనీరు కళ్ళు మూసుకుని తల ఊపడం, పాటలో ఆ అరుపులు, రేడియోలో ఎవరి మాటా ఎవరికీ అందకపోవడం అన్నీ అభినయిస్తే జనం ముందు పడిపడి నవ్వి, చివర్లో అయ్యో అనేవారు. ఆ కథలో చెయ్యి విరగడం ఒక్కటే నిజం. పాట పెట్టింది నేను. అప్పుడు ఆ ఇంజనీరు అక్కడ లేనే లేడు.

రెండువేల ఎనిమిదో, తొమ్మిదో. ఒమాన్‌లో సోహార్ పోర్టు వెనక కొత్త ప్లాంటు కడుతున్నారు. నేను ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్‌ని. ఇంజనీర్లకు విల్లాలు, కూలీలకు క్యాంపు; మాబోటి వాళ్ళు క్యాంపులోనే ఉన్నా కాస్త శుభ్రమైన చొక్కా తొడుక్కుని తిరిగేవాళ్ళం. ఇంజనీర్లతో టీ తాగే హోదా లేదు. కూలీల పేకాటలో కూర్చుంటే వాళ్ళే మాటలు తగ్గించేవారు. రూమ్‌లో నాతో సరిగా మాట్లాడేది ఒక్కడే, నా కింది మంచం మనిషి. జగిత్యాల దగ్గరి పల్లెటూరు. పైపు ఫిట్టరు. నాకంటే పెద్దవాడు కాబట్టి అన్నా అనేవాణ్ణి, ఆయన తమ్మీ అనేవాడు.

గ్యాస్‌లో ఏముందో కొలిచే యంత్రాలను బిగించడానికి జర్మనీ నుంచి ఒక ఇంజనీరు వస్తే నన్ను ఆయనకు తోడు వేశారు. పొడుగ్గా, బక్కగా ఉండేవాడు. వెనక జడలా కట్టుకున్న నెరిసిన జుట్టు, ఎండకు తోలు లేచిన ముక్కు. మధ్యాహ్నం అందరూ మెస్సుకు పోతే ఆయన మా ఇనుప క్యాబిన్‌లోనే కూర్చుని రొట్టె, దోసకాయ ముక్కలు తినేవాడు. విల్లాలో ఉన్న మిగతావాళ్ళు బ్రిటిష్ వాళ్ళు. వాళ్ళతోనూ ఎక్కువ కలిసేవాడు కాదు.

ఆ యంత్రాల పని సగం ఎదురుచూడటమే. కొలత తెలిసిన గ్యాస్‌ని లోపలికి వదిలి, అంకె నిలబడేదాకా ముట్టుకోకూడదు. తొందరపడి సరిచేస్తే తర్వాత అంతా తప్పే. మొదటిరోజే ఆయన గ్యాస్ తిప్పి, లాప్‌టాప్‌లో సీడీ పెట్టి, "ఈ పాట అయ్యేదాకా చేతులు జేబుల్లో పెట్టుకో" అన్నాడు.

మొదట ఒక్క గిటారు. మా ఊళ్ళో ఎవరో అరుగు మీద కూర్చుని తోచక మీటుతున్నట్టుంది. తర్వాత వేణువు. బాగానే ఉందనుకున్నాను. అంతలో కంకర లారీ ఒక్కసారిగా ఒంపేసినట్టు గిటార్లు, డ్రమ్ములు మీద పడ్డాయి. వాటి మధ్యలోంచి ఒక మనిషి గొంతు, బావిలో పడి పిలుస్తున్నట్టుగా. నేను తలుపు వైపు చూశాను. ఇప్పుడు ఆగుతుంది, ఇప్పుడు ఆగుతుంది అనుకుంటూ పావుగంట పైనే కూర్చున్నాను. మళ్ళీ వేణువు వచ్చింది. మళ్ళీ లారీ వచ్చింది.

"సార్, ఇది ఒక్క పాటేనా?"

"ఒక్కటే. మొత్తం ఆల్బంలో నాలుగే పాటలు," అన్నాడు సంతోషంగా.

ఆ సంగీతకారులది ఆయన ఊరి పక్క లోయేనట. వేణువు వాయించింది ఆయనతో బడికెళ్ళినవాడట. పాటల్లో ఆ అడవి, ఆ మంచు, ఎవరూ లేని దారులు తప్ప ఇంకేమీ లేవన్నాడు. మరి ఆ అరుపెందుకని అడిగాను. 

"మా దగ్గర చలికాలం మధ్యాహ్నం దాటగానే చీకటి పడుతుంది. వారాలకొద్దీ మనిషి కనిపించడు. లోపల ఏముంటుందో నెమ్మదిగా పాడితే అబద్ధం అవుతుంది." తర్వాత వేలు చూపించి, "ఒక్కటే షరతు. మధ్యలో ఆపకూడదు. ఆపితే నువ్వు విన్నది ఏదీ విన్నట్టు కాదు," అన్నాడు.

నాకొక కాపీ చేసి ఇచ్చాడు. ఇష్టమై పుచ్చుకోలేదు, మొహమాటానికి పుచ్చుకున్నాను. కానీ సెలవు రోజుల్లో చేసేదేమీ ఉండేది కాదు. ఇంటికి ఫోను చేస్తే రెండు మాటలకే అటువైపు వాళ్ళు "ఇంకేంటి?" అనేవారు. ఇంకేమీ ఉండేది కాదు. ఫోను పెట్టేసి, పై మంచం మీద గోడవైపు తిరిగి, చెవుల్లో ఆ పాటలు పెట్టుకునేవాణ్ణి. చిన్న పాటలు అయిపోయిన ప్రతిసారీ రూమ్ గుర్తుకొచ్చేది. ఈ పాటల్లో ఆ బాధ లేదు. ఒకదాంట్లోకి దిగితే చాలాసేపటిదాకా ఎవరూ బయటికి లాగరు. ఆ అరుపు కూడా అలవాటైంది. ఎవరో నా బదులు అరుస్తున్నారులే అనిపించేది.

కంపెనీ బస్సులో సైట్‌కు పోతూ ఒకరోజు ఒక ఇయర్‌ఫోను అన్న చెవిలో పెట్టాను. కాసేపు కళ్ళు మూసుకుని విన్నాడు. లారీ ఒంపగానే ఉలిక్కిపడి పీకేశాడు.

"అరె, గాయన గొంతుల ముల్లుగిట్ల ఇరికిందా ఏందిర?"

"అదంతే అన్నా. వినగా వినగా బాగుంటుంది."

"ఇనంగ ఇనంగ మా ఆవిడ తిట్లు గూడ మంచిగనే ఉంటయి." వెనక సీట్ల వాళ్ళు నవ్వారు. మళ్ళీ ఇయర్‌ఫోను ఆయనే తీసుకున్నాడు. "పిల్లనగోవి మంచిగుంది. గది వచ్చినప్పుడు చెప్పు."

బస్సు పోర్టు గేటు దాటింది. సెక్యూరిటీ వాడు కార్డులు చూశాడు, పాట ఇంకా నడుస్తూనే ఉంది. అన్న అడిగాడు: "ఇంక ఒడువలేదా? మా దిక్కు ఒగ్గు కథ పొద్దుమీకి మొదలువెడితే తెల్లారెదాంక నడుస్తది. గని నడుమ నడుమ నవ్విస్తరు. మీ జర్మనోడు ఒక్కపారన్న నవ్విచ్చిండా?"

అప్పటినుంచి బస్సెక్కగానే "పెట్టు తమ్మీ, నీ సైతాన్ పాట" అని చెవి చాచేవాడు. తిడుతూనే వినేవాడు. వేణువు వచ్చే చోట్లు ఆయనకు నాకంటే ముందే తెలిసేవి. మోకాలి మీద వేలితో తట్టేవాడు. ఆ బస్సు ప్రయాణాలు తప్ప ఆ దేశంలో నేను ఒంటరిగా లేననిపించిన సమయం ఇంకోటి చెప్పమంటే చెప్పలేను.

ఇప్పుడు ఆ శుక్రవారం గురించి. దీన్ని ఇంతవరకు ఉన్నదున్నట్టు ఎక్కడా చెప్పలేదు.

సెలవు రోజు ఓవర్‌టైము. సైట్‌లో కొద్దిమందే ఉన్నారు. కొత్త పైపుల్లో నీళ్ళు నింపి, పంపుతో ఒత్తిడి పెంచి, కీళ్ళ దగ్గర కారుతుందేమో చూస్తున్నారు. దాన్ని హైడ్రో టెస్ట్ అంటారు. పంపు కింద ఉంటుంది, అక్కడొక మనిషి. పైన ఇనుప మెట్ల మీద మీటరు దగ్గర మా అన్న. మధ్యలో వాకీటాకీలు. అంచెలంచెలుగా పెంచుతారు. ఒక్కో అంచెలో చాలాసేపు ఆగి, ముల్లు కదలకుండా ఉందో లేదో చూడాలి. మళ్ళీ పెంచబోయే ముందు కింది మనిషి రేడియోలో చెబుతాడు, పై మనిషి దిగి దూరం జరుగుతాడు. రోజూ వేరే ఛానెళ్ళుండేవి. ఆ రోజు మనుషులు తక్కువని అందరినీ ఒకే ఛానెల్ మీద పెట్టారు.

ఇంజనీరు ఏదో సంతకం కోసం పోర్టు ఆఫీసుకు వెళ్ళాడు. లాప్‌టాప్ తెరిచే ఉంచి వెళ్ళాడు. క్యాబిన్‌లో నేనొక్కణ్ణే ఉన్నాను. రేడియోలో అన్న గొంతు వినిపించింది.

"తమ్మీ, గీ ముల్లును చూసుకుంట చూసుకుంట కన్నంటుకుంటుంది. ఏదన్న ముచ్చట చెప్పరాదు?"

"ముచ్చటేముందన్నా, పాట పెట్టనా?"

"సైతాన్‌దా? పెట్టు, నిద్రన్న పోతది."

లాప్‌టాప్‌లో మూడో పాట పెట్టాను. అన్నిటికంటే పొడుగైంది, వేణువు ఎక్కువ ఉన్నది. రేడియో బటన్ నొక్కి స్పీకరు దగ్గర పట్టుకున్నాను. కొంచెంసేపటికే వేలు నొప్పి పుట్టింది. వైర్లు కట్టలు కట్టే ప్లాస్టిక్ టైలు మా జేబుల్లో ఎప్పుడూ ఉంటాయి. ఒకటి తీసి, బటన్ మీదుగా రేడియో చుట్టూ బిగించి కట్టేశాను. మధ్యలో ఆపకూడదు కదా. స్పీకరు ముందు నిలబెట్టి, టీ పోసుకుని, గ్లాసుతో తలుపు బయటికొచ్చి నీడలో నుంచున్నాను.

వాకీటాకీ బటన్ నొక్కి ఉన్నంతసేపూ ఆ ఛానెల్‌లో ఇంకెవరి మాటా పోదు. ఇది మొదటి రోజు నేర్పే సంగతి. కొత్తవాళ్ళకు నేర్పేవాణ్ణి నేనే. కానీ ఆ పూట నాకు అన్న నవ్వుతూ వింటున్నాడన్నది తప్ప ఇంకేమీ తట్టలేదు.

కింద పంపు దగ్గరి మనిషి ఒత్తిడి పెంచాలని అన్నను దిగమన్నాడు. ఆ మాట పోలేదు. అతనికి పాట మాత్రం వినిపించింది. మళ్ళీ చెప్పాడు, మళ్ళీ పాటే. చెప్పానుగదా, దిగే ఉంటాడనుకుని పంపు వేశాడు. పైన అన్న మీటరు ముల్లు కదలడం చూశాడు. పక్క కీలు దగ్గర నీళ్ళు చిమ్మడం చూశాడు. బంద్ చెయ్యమని రేడియోలో అరిచాడు. పంపు హోరులో గొంతు కిందికి చేరదు. రబ్బరు వాషరు ఊడొచ్చి నీటి ధార ఛాతీ మీద కొట్టింది. పడిపోకుండా ఆపుకోబోతే కుడి మణికట్టు రెయిలింగుకూ తన ఒంటికీ మధ్య నలిగింది.

నాకు వినిపించింది పంపు ఆగడం, తర్వాత కేకలు. క్యాబిన్‌లోకి పరుగెత్తాను. పాట ఇంకా నడుస్తూనే ఉంది. కట్టర్‌తో టై కోసేశాను. పాట ఆపాను. కోసిన ముక్క జేబులో వేసుకుని, అందరితో పాటు నేనూ అటు పరుగెత్తాను. అక్కడికి వెళ్ళేసరికి అన్న మెట్ల మీద తడిసి కూర్చుని, చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. నన్ను చూసి, "తమ్మీ, నువ్వు గూడ ఒర్రినవా? నేను మస్తు ఒర్రిన, ఎవ్వడింటలేడు," అన్నాడు. నేనే పాట పెట్టానని అన్నకు తెలుసు కదా అని మీరడగవచ్చు. నాకూ ఆ క్షణంలో అదే భయం. కానీ ఆయన అనుకున్నది వేరు. నేను కాసేపు వినిపించి వదిలేశాననీ, తర్వాత ఇంజనీరు వచ్చి పాట పెద్దగా పెట్టుకుని రేడియో మీద ఏదో వస్తువు పడేశాడనీ అనుకున్నాడు. ఆస్పత్రికి పోయే దారిలో ఆయనే నన్నడిగాడు.

"ఆయన అచ్చిండా క్యాబిన్‌లకు?"

నేను, "నేను బయటికెళ్ళానన్నా, చూళ్ళేదు," అన్నాను. మొదటి అబద్ధం ఇది. ఇందులో సగం నిజం ఉండటం వల్ల తేలిగ్గా వచ్చింది.

మర్నాడు సేఫ్టీ ఆఫీసరు, అక్కడ ముదీరు అని పిలిచే మేనేజరు కలిసి విచారణ పెట్టారు. అన్న ఆస్పత్రిలోనే ఉన్నాడు, ముందు మేమిద్దరం తెలుగులో అనుకున్న మాటలు ఛానెల్‌లో ఇంకెవరికీ అర్థం కాలేదు, పాట మాత్రం అందరూ విన్నారు. అది ఎవరి పాటో సైట్‌లో అందరికీ తెలుసు. ఇంజనీరు తాను పోర్టు ఆఫీసులో ఉన్నానన్నాడు. సంతకం పెట్టాల్సినవాడు రాలేదు కాబట్టి ఆయన్ను అక్కడ చూసినవాళ్ళు దొరకలేదు. అప్పుడు ఇంజనీరు నావైపు తిరిగాడు.

"నువ్వు క్యాబిన్‌లో ఉన్నావు కదా?" పానా ఎక్కడ పెట్టావని అడిగినట్టు మామూలుగా అడిగాడు.

"లేదు సార్. నేను కింద జంక్షన్ బాక్స్ దగ్గరున్నాను."

ఆయన నన్ను కాసేపు చూసి, "అయితే నాకు తెలియదు," అన్నాడు. విచారణ అక్కడితో అయిపోయింది. నేనని తేలితే వీసా రద్దు చేసి పంపేస్తారు. ఆయనకేం, జర్మనీవాడు, ఇంకో చోట ఇంకో పని దొరుకుతుంది అనుకున్నాను. ఇలా అనుకోవడం వల్ల చాలా ఏళ్ళు సుఖంగా నిద్రపోయాను.

ఇంజనీరు సైట్ పాసు తీసేసుకుని పనిలోంచి పంపేశారు. సామాన్లు సర్దడానికి నన్నే పంపారు. వైర్లు చుట్టి కట్టలు కడుతున్నాను. ఆయన రేడియో చేతిలోకి తీసుకుని బటన్ నొక్కుతూ, వదులుతూ నిలబడ్డాడు.

"నాకొకటి అర్థం కావడం లేదు. వదిలేస్తే ఆగిపోతుంది. అంతసేపు దీన్ని ఎవరు నొక్కి పట్టుకుంటారు?"

నా చేతిలో టైల కట్ట ఉంది. "ఏమో సార్," అన్నాను. ఆయన తల ఊపి, రేడియో ఛార్జరు మీద పెట్టి, నాకు చెయ్యి ఇచ్చి వెళ్ళిపోయాడు. ఆయనకు తెలిసిందో లేదో ఇప్పటికీ చెప్పలేను.

అన్నకు కట్టు కట్టి ఇంటికి పంపించారు. కింది మంచం మీదికి ఇంకెవరో వచ్చారు. నేను ఆ దేశంలో ఇంకా చాలా ఏళ్ళున్నాను. సోహార్ తర్వాత రుస్తాఖ్, ఆ తర్వాత సమాయిల్. ఖర్జూరపు తోటల పక్కన ఒంటి గది ఇచ్చారు. మాట్లాడే మనిషి లేడు. సీడీ ఉంది, ఒకట్రెండు సార్లు పెట్టబోయాను. మొదటి గిటారు దగ్గరే ఆపేసేవాణ్ణి. కథ మాత్రం ఎవరు దొరికితే వాళ్ళకు చెప్పేవాణ్ణి. ఎందుకు చెప్పేవాణ్ణంటే, చెప్పిన ప్రతిసారీ అది మరికొంచెం ఇంజనీరుదయ్యేది.

అన్న మణికట్టు వంకరగానే అతుక్కుంది. పానా పట్టలేడు. ఊళ్ళో పిండి గిర్ని పెట్టుకున్నాడు. అప్పుడప్పుడు ఫోను చేసేవాడు. ఎప్పుడు చేసినా ఒక మాట తప్పకుండా ఉండేది. "గా పాటలోడు ఎన్నడన్న కనవడ్డడా? కనవడితే నా పేరు చెప్పి రెండు పీకు." నేను నవ్వేవాణ్ణి. అన్న కూడా నవ్వేవాడు. తర్వాత ఫోను పెట్టేసి గదిలో కూర్చునేవాణ్ణి.

ఒమాన్ వదిలి వచ్చాక కిందటేడు జగిత్యాల బస్సెక్కాను. గిర్ని రోడ్డు పక్కనే ఉంది. అన్న ఒళ్ళంతా పిండి. నన్ను చూడగానే ఎడమచేత్తో భుజం పట్టుకుని, "అరె, తమ్మీ! గింత బట్టతలేందిర!" అని లోపలికి చూసి భార్యను కేకేశాడు. "గీయనకు బువ్వ వెట్టు." నేను తినకముందే చెప్పాలనుకున్నాను. గిర్ని హోరులో నా గొంతు పెంచాల్సి వచ్చింది. రెండోసారికి ఆయన చెయ్యి చాచి మోటారు ఆపేశాడు. టై కట్టడం దగ్గర్నుంచి అన్నీ చెప్పాను.

అన్న జల్లెడ మీది పిండి తుడుస్తూ నిలబడ్డాడు.

"అంటే గాయన క్యాబిన్‌లనే లేకుండె."

"లేడన్నా."

"నా చెయ్యి సంగతి ఇడిసిపెట్టు. పనిల ఇరిగింది, ఇరుగుతయి."  "గాయనను నేను ఎంతమంది ముంగట తిట్టిన్నో నీకెర్కేనా? గిర్నికి అచ్చినోల్లందరికీ చెప్పిన. నా బిడ్డ పెండ్లిల సుట్టాలకు చెప్పిన. తాగి, వాని వంశం నాశనం గావాలె అన్న. ఒక మంచోన్ని ఇన్నేండ్లు నా నోటితోని తిట్టిపిస్తివి గదరా. ఫోన్ల ఇనుకుంట నవ్వితివి."

నేను క్షమించమన్నాను. ఆ మాట ఆయన పట్టించుకోలేదు.

"గాయనకు చెప్పినవా?"

"ఎక్కడున్నాడో తెలీదు. ఆ కంపెనీకి రాశాను, జవాబు రాలేదు. ఆ పాటవాళ్ళ ద్వారా వెతుకుదామంటే సీడీ మీద ఎవరి పేర్లూ లేవు."

"ఎర్క లేదంటే అయిపాయెనా?"

ఒక ముసలావిడ జొన్నల గంప దించింది. మోటారు ఎందుకాపావని అడిగింది. అన్న ఆవిడ వైపు తిరిగాడు.

"అవ్వా, నా చెయ్యి ఇరగ్గొట్టింది జర్మనోడని చెప్పిన గద. గాయన కాదట. గిగో, గీయన."

ఆవిడ నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "మరి బువ్వెందుకు వెడుతున్నవురా?"

"గంత దూరంకెల్లి అచ్చిండు, ఏం జెయ్యాలె?" అని జొన్నలు తూకం వేసి మోటారు వేశాడు.

లోపల ఆయన భార్య వడ్డించింది. అన్న నాతో కూర్చోలేదు. తినేసి వచ్చి బల్ల మీద కూర్చున్నాను. లేచి వెళ్ళిపోతే బాగుండునని ఉంది. కానీ ఇంకొకతను గోధుమల సంచితో వచ్చాడు. అన్న మోటారు ఆపాడు, అతనికీ చెప్పాడు, నన్ను చూపించాడు, మళ్ళీ మోటారు వేశాడు. తర్వాత తల్లీకూతుళ్ళు వచ్చారు. వాళ్ళకూ చెప్పాడు. ఎవరికీ ఎక్కువ చెప్పలేదు, తక్కువా చెప్పలేదు. నేను నవ్వించిన చోట్ల ఒక్కచోట కూడా నవ్వించలేదు. సాయంత్రం బస్సు వచ్చేదాకా గిర్నికి మనుషులు వస్తూనే ఉన్నారు, నేను ఆ బల్ల మీదే ఉన్నాను. నేను లేస్తే ఆయన చూపించడానికి మనిషి ఉండడు.